హార్న్ సోలోలో నేను మొదట వినేది అతుకులు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ అమ్మాయి యూత్ ఆర్కెస్ట్రాలో ఫ్రెంచ్ హార్న్ (గుండ్రంగా చుట్టిన ఇత్తడి గొట్టం వాయిద్యం) వాయిస్తోంది. చైకోవ్‌స్కీ ఐదో సింఫనీ రెండో భాగంలో వచ్చే సోలో, అంటే హార్న్ ఒక్కటే ముందుకొచ్చి వాయించే చోటు, నేర్చుకోమని టీచర్ ఇచ్చారు. ఇంట్లో నాలుగు రికార్డింగులు పెట్టుకుని వింటే నాలుగూ నాలుగు వేరే వాయిద్యాల్లా ఉన్నాయి. ఒకదాంట్లో స్వరం వణుకుతోంది, ఇంకోదాంట్లో మరీ మందంగా ఉంది. వీటిలో ఏ టోన్ మంచిదో, ఏ స్టైల్ సరైనదో ఎలా తేల్చుకోవాలి అని అడిగారు.

నేను క్లీవ్‌లాండ్ దగ్గర ఒక కమ్యూనిటీ ఆర్కెస్ట్రాలో పద్నాలుగేళ్ళుగా రెండో హార్న్ వాయిస్తున్నాను. ఉద్యోగం వేరే, ఇది ఇష్టంతో చేసే పని. రెండో హార్న్ కుర్చీకి పెద్ద సోలోలు దాదాపు రావు. కానీ సోలో వాయించేవాళ్ళు ఊపిరి తీసుకోవడం కూడా వినిపించేంత దగ్గర్లో ఉండే కుర్చీ అది. ఈ జవాబు రాయడానికి ధైర్యం ఆ కుర్చీ వల్లే వచ్చింది.

ముందు సూటిగా చెప్తాను. టోన్ లేతగా ఉందా, ముదురుగా ఉందా, వణుకు ఉందా లేదా అన్నది చాలావరకు వాయించేవాళ్ళు ఏ ఊళ్ళో ఎవరి దగ్గర నేర్చుకున్నారు, చేతిలో ఏ హార్న్ ఉంది అన్నదాన్ని బట్టి ముందే నిర్ణయమైపోయి ఉంటుంది. దాన్ని బట్టి మార్కులు వేయకండి. ఒక స్వరం ఎలా మొదలైంది, పక్క స్వరానికి ఎలా చేరింది, ఎలా ఆగింది, ఆ అతుకుల దగ్గర వినండి. పనితనం అక్కడ తెలుస్తుంది.

ఇది నాకు మొదటి నుంచీ తెలిసిన విషయం కాదు. ఒక తప్పు చేశాక తెలిసింది.

కొన్నేళ్ళ క్రితం మా ఆర్కెస్ట్రాలో మొదటి హార్న్ కుర్చీ ఖాళీ అయింది. పెద్ద ఆర్కెస్ట్రాల పద్ధతిలోనే తెర కట్టి ఆడిషన్ పెట్టాం. వాయించేది ఎవరో మాకు కనపడదు, నంబరు ఒక్కటే తెలుస్తుంది. తెరకి ఇవతల మార్కులు వేసిన ఐదుగురిలో నేనూ ఒకణ్ణి. అడిగిన వాటిలో మొదటిది ఈ చైకోవ్‌స్కీ సోలోనే. మూడో నంబరు అభ్యర్థి వాయించినప్పుడు వైబ్రేటో, అంటే స్వరాన్ని కావాలని వణికించడం, బాగా వినపడింది. ఇక్కడ అమెరికాలో హార్న్ వాళ్ళు వైబ్రేటో దాదాపు వాడరు. పదకొండేళ్ళ వయసులో స్కూలు బ్యాండ్‌లో చేరిన దగ్గర్నుంచీ నా చెవి అలాగే తయారైంది. రెండో లైను పూర్తి కాకముందే కాగితం మీద "స్వరంలో నిలకడ లేదు" అని రాసేసి పెన్ను పక్కన పెట్టేశాను. ఆ తర్వాత అదే అభ్యర్థి వాయించిన బ్రామ్స్‌నీ బేతోవెన్‌నీ సగం చెవితో విన్నాను. చివరికి ఇంకొకరు ఎంపికయ్యారు.

అంతా అయిపోయాక కుర్చీలు సర్దుతుంటే ఆ అభ్యర్థి కనిపించి కాసేపు మాట్లాడారు. రష్యాలో చదువుకుని వచ్చిన గురువు దగ్గర చిన్నప్పటి నుంచీ నేర్చుకున్నారట. ఇంటికొచ్చి మ్రావిన్‌స్కీ కండక్ట్ చేసిన లెనిన్‌గ్రాడ్ ఫిల్‌హార్మోనిక్ రికార్డింగ్ పెట్టుకున్నాను. 1960లో ఆ ఆర్కెస్ట్రా పర్యటనకి వెళ్ళినప్పుడు వియన్నాలో రికార్డు చేసిన ఐదో సింఫనీ అది. ఆ రోజుల్లో వాళ్ళ ప్రధాన హార్న్ విటాలీ బుయానోవ్‌స్కీ. సోలో మొదలవగానే అదే వణుకు వినపడింది. ఈసారి తొందరపడకుండా చివరిదాకా విన్నాను. పాడేవాళ్ళ గొంతులో ఉండే కంపనం లాంటిది అది, కావాలని వేసింది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వెళ్ళేటప్పుడు మధ్యలో ఎక్కడా ఖాళీ లేదు. పొడుగు స్వరం ఒక్కటి కూడా ఊరికే నిలబడి లేదు, ఎటో వెళ్తోంది. ఆడిషన్ కాగితం మీద నేను రాసిన మాట తెర వెనక బుయానోవ్‌స్కీ ఉన్నా రాసేవాణ్ణే. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది, ఎందుకంటే ఆ అభ్యర్థికి మళ్ళీ అవకాశం ఇవ్వడం నా చేతిలో లేదు.

ఇంకో విషయం కూడా నన్ను ఆలోచనలో పడేసింది. క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచీ ఏటా వసంతంలో త్యాగరాజ ఆరాధన జరుగుతుంది. చిన్నప్పుడు అమ్మానాన్నలతో వెళ్ళేవాణ్ణి, ఇప్పుడు పిల్లల్ని తీసుకెళ్తున్నాను. అక్కడ కూర్చుని వింటున్నప్పుడు గమకాన్ని వణుకు అని నేనెప్పుడూ అనుకోలేదు. తోడిలో గాంధారం కదపకుండా నిలబెట్టి పాడితే అది తోడిలా ఉండదని తెలిసిన చెవి నాది. అదే చెవి హార్న్ కదిలేసరికి తప్పు పట్టింది. ఏ ఇంటి పద్ధతి ఆ ఇంటిది అన్న సంగతి నాకు ఒక సంగీతంలో తెలుసు, ఇంకో సంగీతంలో గుర్తు రాలేదు.

ఇక రంగులు ఎక్కణ్ణుంచి వస్తాయో కొంచెం చెప్తాను. మీరు విన్న నాలుగు రికార్డింగుల మధ్య తేడా అప్పుడు అర్థమవుతుంది.

వియన్నా ఫిల్‌హార్మోనిక్ వాళ్ళు ఇప్పటికీ వాయించేది పాత తరహా ఎఫ్ హార్న్. సుమారు పన్నెండడుగుల గొట్టం, లోపల సన్నటి దారి, ఒక్కో వాల్వుకి (స్వరం మార్చడానికి గాలి దారిని మళ్ళించే మీట) రెండేసి పిస్టన్లు. ఈ వాల్వుకి 1830లో వియన్నాలోనే లియోపోల్డ్ ఉల్‌మాన్ పేటెంటు తీసుకున్నాడు. దీనివల్ల ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం చాలా మెత్తగా ఉంటుంది, వాల్వు తిరిగిన చోటు చెవికి తెలియదు. మిగతా ప్రపంచం చాలావరకు డబుల్ హార్న్‌కి మారిపోయింది. అందులో ఈ ఎఫ్ గొట్టంతో పాటు తొమ్మిదడుగుల బి ఫ్లాట్ గొట్టం కూడా ఉంటుంది, బొటనవేలితో ఒకదాన్నుంచి ఇంకోదానికి మారతారు. జర్మనీలో మైంజ్ ఊరి అలెగ్జాండర్ కంపెనీ 103 అనే మోడల్‌ని 1909 నుంచి చేస్తోంది. దాని శబ్దానికి నడుమ గట్టి గింజ ఉన్నట్టుంటుంది, ఎంత దూరం నుంచైనా గుర్తుపట్టొచ్చు. అమెరికాలో ఇండియానా రాష్ట్రం ఎల్కార్ట్‌లో తయారైన కాన్ 8డి ఇంకో రకం. నికెల్ సిల్వర్ లోహం, వెడల్పాటి బెల్ (గొట్టం చివర విచ్చుకున్న నోరు), ముదురుగా హాలంతా పరుచుకునే శబ్దం. కండక్టర్ జార్జ్ సెల్ కాలంలో క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రా ప్రధాన హార్న్ మైరన్ బ్లూమ్ వాయించింది దాని మీదే. సెల్ 1959లో చైకోవ్‌స్కీ ఐదో సింఫనీ రికార్డు చేశాడు. మీ నాలుగింటిలో అది లేకపోతే తప్పకుండా వినండి, వెంటనే 1960 లెనిన్‌గ్రాడ్ రికార్డింగ్ పెట్టండి. కాగితం మీద అవే స్వరాలు, మధ్యలో ఒక్క ఏడాది తేడా. రెండు వేరే ప్రపంచాలు.

ఒకే ఇంట్లో కూడా ఈ గొడవ ఉండేది. ఇంగ్లండ్‌లో ఆబ్రే బ్రెయిన్ ఫ్రాన్స్‌లో తయారైన సన్నటి పిస్టన్ హార్న్ వాయించేవాడు, వెడల్పాటి జర్మన్ హార్న్‌లంటే ఆయనకి అస్సలు గిట్టేది కాదు. కొడుకు డెనిస్ బ్రెయిన్ కూడా అలాంటి హార్న్ మీదే పేరు తెచ్చుకుని, 1951లో జర్మన్ అలెగ్జాండర్‌కి మారాడు. 1953లో కండక్టర్ కరయాన్‌తో కలిసి చేసిన మోత్సార్ట్ కన్‌చెర్టోల రికార్డింగ్ ఈ కొత్త హార్న్ మీదదే. ఇవాళ అది విన్నవాళ్ళెవరైనా ఎంత తేలికగా, ఎంత శుభ్రంగా ఉందో అంటారు. తండ్రి తరానికి ఆ రకం హార్న్ బరువుగా వినపడేది. డెనిస్ 1957లో కారు ప్రమాదంలో పోయాడు, అప్పటికి ముప్ఫై ఆరేళ్ళే. ఆయన ఇంకో ముప్ఫై ఏళ్ళు ఉండి ఉంటే టోన్ ఎటు వెళ్ళేదో అని నాకు తరచు అనిపిస్తుంది.

అతుకులు అని ఊరికే అంటే సరిపోదు కాబట్టి, నాకు దగ్గరగా తెలిసిన ఒకదాని గురించి రాస్తాను. బ్రామ్స్ మొదటి సింఫనీ 1876లో వచ్చింది. దాని చివరి భాగంలో, చీకటి చీకటిగా సాగిన మొదలు తర్వాత, ఒక్కసారిగా తెల్లవారినట్టు హార్న్ వస్తుంది. ఆ బాణీని బ్రామ్స్ 1868లోనే స్విట్జర్లాండ్ నుంచి క్లారా షూమన్‌కి పుట్టినరోజు కబురుగా రాసి పంపాడు. కొండల్లో కాపరులు ఊదే ఆల్ప్‌హార్న్ పాట అది. కింద వయొలిన్లు మ్యూట్ (శబ్దాన్ని తగ్గించే బిళ్ళ) వేసుకుని సన్నగా వణుకుతుంటాయి, పైన హార్న్ నిండుగా, ఆవేశంగా వాయించాలి. వినేవాళ్ళకి అది ఒకే మనిషి ఒకే ఊపిరిలో వాయిస్తున్నట్టు ఉంటుంది. నిజానికి ఇద్దరం. మొదటి హార్న్ పొడుగు స్వరం పట్టుకుని ఉండగానే రెండో హార్న్ అదే స్వరం అందుకుంటుంది, ఆ లోపల మొదటివాళ్ళు ఊపిరి తీసుకుని తర్వాతి మాటకి సిద్ధమవుతారు. కొండల్లో పాట ఎక్కడా తెగకూడదని బ్రామ్స్ అలా రాశాడు.

మేం అది వాయించిన ఏడాది మొదటి రిహార్సల్‌లో హాలు చివర కూర్చున్న అసిస్టెంట్ కండక్టర్ వచ్చి, నేను అందుకున్న ప్రతిసారీ తెలిసిపోతోంది అన్నారు. శ్రుతి సరిగ్గానే ఉంది, టైమింగ్ సరిగ్గానే ఉంది. మా మొదటి హార్న్ ఆవిడా నేనూ తర్వాతి శనివారం ఖాళీ హాల్లో రెండు గంటలు దాని మీదే కూర్చున్నాం. ముందు దొరికింది నా నాలుక. స్వరం మొదలుపెట్టేటప్పుడు నాలుకతో "త" అన్నట్టు కొడుతున్నాను. సోలోగా అయితే అది శుభ్రమైన మొదలే, ఇక్కడ మాత్రం మేకు కొట్టినట్టుంది. "ద" చేసినా తెలుస్తూనే ఉంది. చివరికి నాలుక వదిలేసి, పెదాలు బిగించి ఉంచి గాలి మాత్రమే నెమ్మదిగా వదిలితే స్వరం దానంతటదే పుట్టింది. రెండోది కుడి చెయ్యి. హార్న్ వాళ్ళు కుడి చెయ్యి బెల్ లోపల పెడతారని మీకు తెలిసే ఉంటుంది. ఎక్కువ మూస్తే టోన్ మొద్దుబారి శ్రుతి దిగుతుంది, తెరిస్తే పదునెక్కి శ్రుతి పెరుగుతుంది. ఆవిడ టోన్ నా కంటే కొంచెం వెలుగుగా ఉంటుంది. నేను అరచెయ్యి ఒక వేలు మందం తెరిచి, పెరిగిన శ్రుతిని ట్యూనింగ్ స్లైడ్ లాగి సరిచేసుకున్నాను. మూడోది ఆవిడ చేయాల్సి వచ్చింది. స్వరం వదిలేటప్పుడు టక్కున వదలకుండా, నేను పెరుగుతున్నంత మేరా తను తగ్గాలి. రెండు గంటల చివర, రికార్డు చేయడానికి సీటు మీద పెట్టిన ఫోన్ తీసి వింటే, వాయించిన నాకే నేను ఎక్కడ చేరానో తెలియలేదు. పద్నాలుగేళ్ళలో నాకు అంత సంతోషం కలిగిన రోజులు తక్కువ.

అప్పటి నుంచి ఏ బ్రామ్స్ రికార్డింగ్ పెట్టినా ముందు ఆ చోటే వింటాను. అందుకునే చోట గుంట పడిందా, బొడిపె లేచిందా, రంగు మారిందా? అక్కడ శుభ్రంగా ఉన్న జంట మిగతాచోట అజాగ్రత్తగా ఉండటం నేనింతవరకు వినలేదు.

ఇప్పుడు మీ అమ్మాయి సోలోకి వద్దాం. ఈ భాగానికి చైకోవ్‌స్కీ పెట్టిన పేరులోనే "కొంత స్వేచ్ఛతో" అనే మాట ఉంది. సోలో మీద "మృదువుగా, ఎంతో భావంతో" అని రాశాడు. దారిలో అనిమాండో, సోస్టెనూటో అని మార్చి మార్చి రాశాడు, అంటే కాస్త ముందుకు కదలాలి, కాస్త పట్టి ఆపాలి. కాబట్టి మెట్రోనోమ్‌లా వాయించినా తప్పే, మొదటి నుంచి చివరిదాకా సాగదీసినా తప్పే. చాలా రికార్డింగుల్లో సోస్టెనూటో బాగా వినపడుతుంది, అనిమాండో వినపడదు. నెమ్మదిగా వాయిస్తే భావం వచ్చేస్తుందని అనుకోవడం వల్ల అలా జరుగుతుంది. మీరు రికార్డింగ్ వింటూ కాలితో తాళం వేయండి. తాళం ఎక్కడ తొందరపడుతోందో, ఎక్కడ ఆగుతోందో మీ కాలికే తెలుస్తుంది. అది పార్ట్‌లో (హార్న్ వాయించాల్సిన స్వరాల కాగితంలో) రాసినచోట జరుగుతోందా, ఊపిరి అయిపోయినచోట జరుగుతోందా చూడండి.

మొదటి స్వరం మరీ ముఖ్యం. హార్న్ రాకముందు స్ట్రింగ్స్ కింది స్థాయిలో కొన్ని బార్లపాటు (తాళం ఆవర్తం లాంటి కొలతలు) బరువుగా నడుస్తాయి. ఆ నేలలోంచి హార్న్ మొలకెత్తినట్టు రావాలి. బయట్నుంచి తెచ్చి అంటించినట్టు ఉంటే టోన్ ఎంత అందంగా ఉన్నా నా దృష్టిలో సోలో అప్పుడే కొంత పోయినట్టు. తర్వాత, సన్నగా వాయించినప్పుడు స్వరంలో పస ఉందా, లేక గాలి మిగిలి స్వరం పోయిందా? గట్టిగా పెరిగినప్పుడు అదే గొంతు పెద్దదైందా, లేక వేరే మనిషి వచ్చినట్టు ఇత్తడి రొద మొదలైందా? ఇత్తడి రొద కావాల్సిన చోట్లు సింఫనీల్లో చాలా ఉన్నాయి, ఇది వాటిలో ఒకటి కాదు. మధ్యలో క్లారినెట్ వచ్చి జవాబు చెబుతుంది, తర్వాత ఓబో చేరుతుంది. వాళ్ళు వచ్చినప్పుడు హార్న్ పక్కకి జరిగి చోటిస్తోందా అన్నది కూడా స్టైల్ కిందే లెక్క.

స్వరం పగలడం గురించి ఒక మాట. లైవ్ కచేరీలో హార్న్ స్వరం చిట్లితే జనం దాన్నే గుర్తుపెట్టుకుంటారు. హార్న్ వాయించేది గొట్టం పొడవుతో పోలిస్తే చాలా పై స్థాయిలో. అక్కడ సహజ స్వరాలు ఒకదానికొకటి మెట్ల మీద మెట్టులా ఆనుకుని ఉంటాయి. పెదాలు వెంట్రుక వాసి తప్పితే పక్క మెట్టు మీద పడతాం. గొప్పవాళ్ళకీ జరుగుతుంది. ఒక స్వరం చిట్లినా వాక్యం నడిచిందంటే నేను మార్కులు తీయను. చిట్లుతుందేమోనన్న టెన్షన్‌తో ప్రతి స్వరాన్నీ విడివిడిగా, జాగ్రత్తగా పెట్టిన సోలోకి మాత్రం తీస్తాను. మీ అమ్మాయికి ఈ మాట ఇంట్లో గట్టిగా చెప్పండి. ఆ వయసులో పిల్లలు చిట్లిన ఒక్క స్వరం పట్టుకుని వారమంతా కుంగిపోతారు.

ఒక సోలోకి కుదిరిన స్టైల్ ఇంకోదానికి కుదరదు. మెండెల్‌సోన్ నాక్టర్న్‌లో బసూన్‌లు తోడుగా ఉంటాయి, వాటిలో కలిసిపోయే గుండ్రటి టోన్ కావాలి, ఊపిరి పొడవుగా ఉండాలి. రిచర్డ్ స్ట్రాస్ 1895లో రాసిన టిల్ ఒయిలన్‌ష్పీగెల్ సోలో పూర్తిగా వేరు. అది ఒక అల్లరివాడి పరిచయం. లయలో కొంటెతనం లేకపోతే ఎంత మంచి టోనైనా వృథా. స్ట్రాస్ తండ్రి మ్యూనిక్ కోర్టు ఆర్కెస్ట్రాలో పేరున్న హార్న్ వాద్యకారుడు కాబట్టి ఈ వాయిద్యం ఏం చేయగలదో కొడుక్కి పుట్టుకతో తెలుసు. రావెల్ తన పవాన్‌ని 1910లో ఆర్కెస్ట్రాకి మార్చినప్పుడు సోలోని వాల్వుల్లేని పాత హార్న్ పేరు మీద రాశాడు. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో పారిస్‌లో లూసియన్ తెవే లాంటివాళ్ళు ఫ్రెంచ్ సంగీతాన్ని వైబ్రేటోతో వాయించేవారు, అప్పుడది దాదాపు సాక్సఫోన్‌లా వినపడుతుంది. నాకు ఇప్పుడు ఆ టోన్ చాలా ఇష్టం. బ్రామ్స్‌లో మాత్రం అదే టోన్ నాకు ఇంకా మింగుడుపడలేదు, కాబట్టి నా చెవికి ఇంకా పని ఉంది.

చివరగా ఒక పద్ధతి, మీ ఇంట్లోనే చేయొచ్చు. హార్న్ బెల్ వెనక్కి తిరిగి ఉంటుంది. జనానికి చేరేది వెనకున్న గోడకో తెరకో తగిలి వచ్చిన శబ్దం. వాయించేవాళ్ళకి వినపడేది వేరు. మైకు బెల్ దగ్గర పెడితే గరుకు, ఊపిరి అన్నీ వినిపించి టోన్ చెడ్డదనిపిస్తుంది. అందుకే మీ అమ్మాయిని వెనక గట్టి గోడ ఉన్న గదిలో కూర్చోబెట్టి, ఫోన్ మాత్రం పక్క గదిలో పెట్టి తలుపు తెరిచి ఉంచండి. మొదటి ఎనిమిది బార్లు మూడుసార్లు వాయించమనండి: ఒకసారి తనకి నచ్చినట్టు, ఒకసారి లెనిన్‌గ్రాడ్ వాళ్ళలా, ఒకసారి క్లీవ్‌లాండ్ వాళ్ళలా. రాత్రి ఇద్దరూ కలిసి వినండి. ఏది ఎవరి స్టైలో చెప్పొద్దనండి. స్వరాలు కలిసే చోట్ల మాత్రం పెన్సిల్‌తో పార్ట్ మీద గుర్తు పెట్టండి. మూడుసార్లూ ఒకేచోట గుర్తు పడితే, వచ్చే వారం టీచర్‌కి చూపించాల్సింది ఆ చోటే.